గోవా బస్సెక్కే ముందు

జాలహళ్లి, బెంగళూరు

చిరంజీవి చిన్నాకు,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. లక్షన్నర బోనస్ వచ్చిందన్నావు, మారతహళ్లి పీజీలో శనివారం ఆటలో నెలరోజులుగా నువ్వే గెలుస్తున్నానన్నావు, ఫ్రెండ్స్‌తో కలిసి గోవా వెళ్లి పోకర్ ఆడాలనుందన్నావు. "ఏ కాసినో మంచిది మావయ్యా?" అని అడిగావు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నిన్ను వెళ్లొద్దనడం లేదు. పదిహేనేళ్లుగా ఏడాదికోసారి గోవాలో మాండవి నది మీద ఆ కాసినో ఓడల్లో కూర్చుని ఆడుతున్నవాణ్ణి, ఆ ఆటంటే నాకూ ప్రాణమే. నువ్వు తప్పు టేబుల్ దగ్గర కూర్చుంటావేమోనన్నదే నా బెంగ.

పీజీలో గెలిచావంటే ఆ ఐదుగురి కంటే నీకు కాస్త ఎక్కువ వచ్చని మాత్రమే అర్థం. పోకర్‌లో మన స్థాయి ఎదురుగా కూర్చున్నవాళ్లను బట్టి మారిపోతుంది. రూలెట్‌లో అయితే మన పోటీ కాసినోతో. 37 అంకెలుంటాయి, గెలిస్తే 35 రెట్లే ఇస్తారు, ఎవరు ఆడినా వాళ్ల వాటా వాళ్లకు వచ్చేస్తుంది. పోకర్‌లో కాసినో అసలు ఆడదు. టేబుల్ వేసి, డీలర్‌ను కూర్చోబెట్టి, ప్రతి పాట్‌లోంచి, అంటే అందరూ కాసిన పందెం సొమ్ములోంచి, రేక్ అని కొంత కమీషన్ తీసుకుంటుంది, అంతే. నీ డబ్బు పోయేది పక్క కుర్చీలోని మనిషికి. కాబట్టి ఏ ఓడ బాగుంటుంది, ఎక్కడ భోజనం బాగుంటుంది అన్నవి తర్వాతి మాటలు. ఆ రాత్రి ఆ టేబుల్ చుట్టూ ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

ముందు డబ్బు లెక్క చూద్దాం. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టాల్సిన పందేలు, 100–200 ఉన్న టేబుల్ అనుకో. వాటిలో పెద్దదైన బిగ్ బ్లైండ్‌కు 100 రెట్లతో కూర్చోవడం ఆనవాయితీ, అంటే ఒక బై-ఇన్ (టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే సొమ్ము) 20,000. బాగా ఆడేవాళ్లు కూడా ఒక ఆటకు కనీసం 20 బై-ఇన్‌లు పక్కన ఉండాలంటారు. అంటే 4 లక్షలు. నీ దగ్గర బోనస్ మొత్తం కలిపినా ఏడున్నర బై-ఇన్‌లే. నీకు ఆట రాక కాదు, ఎంత వచ్చినా ఓడిపోయే రోజులుంటాయి కాబట్టి అంత కావాలి. చేతిలో రెండు ఆసులు పడేది సగటున 221 సార్లకు ఒకసారి. అంత మంచి ముక్కలు పడ్డా, ఎదుటివాడు ఏవో ముక్కలతో వచ్చినా సరే, సగటున ఏడింట ఒకసారి ఓడిపోతావు. అలాంటి దెబ్బలు ఒకే రాత్రి మూడు తగలొచ్చు.

ఒకప్పుడైతే పిల్లలు ఫోన్‌లో రూపాయి, రెండు రూపాయల టేబుళ్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కేవాళ్లు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆగిపోయాయి. ఎన్నో కుటుంబాలకు అది మేలే చేసింది, నేను కాదనను. కానీ నీలాంటివాడికి కింది మెట్లు లేకుండా పోయాయి. పీజీలో 200 రూపాయల ఆట నుంచి నేరుగా 20,000 టేబుల్ మీదికి దూకాలి. ఆ మధ్య మెట్లు నువ్వే కట్టుకోవాలి, అది ఎలాగో కింద చెబుతాను.

నేను దెబ్బ తిన్న రాత్రి సంగతి ముందు విను. 2014 అనుకుంటా. ఒక ఓడలో పోకర్ రూమ్‌కి వెళ్లీ వెళ్లగానే ఒక సీటు ఖాళీగా కనిపించింది. చుట్టూ చూడకుండా కూర్చున్నాను. ముప్పావు గంట తర్వాత నా చేతికి ఆసు, రాజు వచ్చాయి. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, నాలుగు. నేను వేశాను, ఎదురుగా ఉన్న కుర్రాడు కాల్ చేశాడు, అంటే అంతే సొమ్ము వేశాడు. నాలుగో ముక్క, టర్న్‌లోనూ అంతే. చివరిదైన ఐదో ముక్క, రివర్‌లో రెండు అంకె పడింది. అతను తన చిప్స్ మొత్తం ముందుకు తోశాడు. అప్పుడు గానీ నేను అతన్ని సరిగ్గా చూడలేదు. చిప్స్ ఇరవై చొప్పున ఒకే ఎత్తులో పేర్చుకున్నాడు, తన వంతు వచ్చేదాకా ముక్కలు ఎత్తి చూడడు. నలభై నిమిషాలుగా ఒక్క ఆటలోకీ రాకుండా పారేస్తూ ఉన్నాడు. అలాంటివాడు రివర్‌లో మొత్తం పెట్టాడంటే నా ఒక్క జత ఆసులు చాలవని లోపల తెలుస్తూనే ఉంది. కానీ అప్పటికే వేసిన 9,000 వదులుకోవడానికి చెయ్యి రాలేదు. మిగతా 11,000 కూడా పెట్టేశాను. అతను రెండు తొమ్మిదులు చూపించాడు, బల్ల మీది దానితో కలిపి మూడు. ఆ 20,000 ఆ నెల నా జీతంలో మూడో వంతు. చిన్న మొత్తమైతే నవ్వుతూ ఫోల్డ్ చేసి, ముక్కలు పారేసేవాణ్ణి. జేబుకు మించిన టేబుల్ దగ్గర తెలిసిన ఆట కూడా చేతికి రాదు చిన్నా, నా అనుభవంలో ఇంతకంటే నిజమైన మాట లేదు.

అందుకే నువ్వు వెళ్లగానే ఫ్లోర్ మేనేజర్ దగ్గర వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని, ఆడకుండా ముప్పావు గంట నిలబడు. గంటకు 25, 30 హ్యాండ్స్ (ముక్కల పంపకాలు) పడతాయి కాబట్టి ఇరవై దాకా చూడొచ్చు. ప్రతిసారీ ఫ్లాప్ చూడ్డానికి ఎంతమంది మిగిలారో లెక్కపెట్టు. తొమ్మిది మందిలో ఐదారుగురు డబ్బు వేసి వస్తున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు, చివరిదాకా వెళ్లి ఒక చిన్న జత చూపిస్తున్నారంటే అది నీకు తగిన టేబుల్. అక్కడ ఓపికగా మంచి ముక్కల కోసం ఆగితే చాలు. అలా కాకుండా ఒకరు రైజ్ చేయడం (పందెం పెంచడం), ఇంకొకరు దాని మీద రైజ్ చేయడం, మిగతావాళ్లు పారేయడం, ఫ్లాప్ పడకుండానే ఆట ముగియడం, ఇదే వరుసగా జరుగుతుంటే అక్కడ ఉన్నవాళ్లకు నీకంటే ఆట ఎక్కువ తెలుసు. ఆ సీటు ఖాళీ అయిందని పిలిచినా వెళ్లకు. నామోషీ ఏమీ లేదు, ఇంకో టేబుల్‌కి రాయమని అడుగు.

స్ట్రాడిల్ సంగతి కూడా చూసుకో. బోర్డు మీద 100–200 అని ఉంటుంది, కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు ముక్కలు పంచకముందే 400 పెడుతుంటే అది నిజానికి 200–400 ఆట. నీ 20,000 అక్కడ 50 బిగ్ బ్లైండ్స్‌కు పడిపోతుంది. అలాగే అందరి ముందూ లక్షల్లో చిప్స్ ఉన్నాయా, నీ అంతే ఉన్నాయా చూడు.

రేక్ ఎంత శాతం, ఒక పాట్‌కు గరిష్ఠంగా ఎంత తీస్తారు, ఫ్లాప్ పడకపోతే కూడా తీస్తారా అని కూర్చోకముందే అడుగు. ఒక లెక్క చెబుతాను. 5 శాతం చొప్పున 4,000 పాట్‌లోంచి 200 పోతుంది. గంటకు అలాంటి పాట్‌లు పన్నెండు పడితే 2,400. ఎనిమిది మంది పంచుకుంటే తలకు 300. పది గంటలు కూర్చుంటే నీ వాటా 3,000, నువ్వు గెలిచినా ఓడినా. చిన్న టేబుళ్ల మీద ఈ భారం ఎక్కువగా తెలుస్తుంది, గెలిచేవాణ్ణి కూడా ఇది ఓడిస్తుంది. ఆపైన గెలుపు మీద 30 శాతం పన్ను ఉంది, ఓడిన సొమ్ము అందులోంచి తగ్గించుకోనివ్వరు.

ఇన్ని చూశాక, మొదటిసారికి నేను చెప్పేది టోర్నమెంట్. ఎంట్రీ ఫీజు కట్టావంటే పోయేది అంతే. తెలియనివాళ్లు, తెలిసినవాళ్లు అందరూ కలిసి ఉంటారు కాబట్టి నీ ఆట ఎక్కడుందో తెలుస్తుంది. బ్లైండ్స్ పదిహేను నిమిషాలకోసారి పెరిగేది వద్దు, అక్కడ అదృష్టం పాలు ఎక్కువ. అరగంటకోసారి పెరిగేది చూసుకో. ఓడిపోగానే మళ్లీ డబ్బు కట్టి కూర్చోవచ్చంటారు, అది మాత్రం చేయకు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. గోవా దాకా ఎందుకు, ఇక్కడే ఎవరి ఫ్లాట్‌లోనో ఆట ఉందని వాట్సాప్‌లో పిలుస్తారు. వెళ్లకు. అక్కడ కెమెరా ఉండదు, రేక్‌కు హద్దుండదు, ఓడిపోతే "తర్వాత ఇవ్వు తమ్ముడూ" అని అప్పు పెడతారు. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి. స్కిల్ గేమ్ కదా మావయ్యా అంటావు. 1967లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది రమ్మీ గురించి, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. మూడు ముక్కలాట మాత్రం అదృష్టం మీద నడిచేదే అంది. అర్ధరాత్రి పోలీసులు తలుపు కొడితే ఆ తీర్పు చదివి వినిపించే తీరిక ఎవరికీ ఉండదు.

బోనస్‌లో లక్ష ముందు మీ అమ్మ ఖాతాలో వేసెయ్. మిగిలిన దాంట్లో ప్రయాణం, ఎంట్రీ ఫీజు పోను ఏమీ మిగలకపోయినా నీ అద్దె, నీ ఈఎంఐ ఆగకూడదు. ఏటీఎం కార్డు రూమ్‌లో పెట్టి ఓడ ఎక్కు.

బస్సు ఇప్పుడే బుక్ చేయకు. వచ్చే నాలుగు ఆదివారాలు పొద్దున్నే జాలహళ్లి వచ్చెయ్. పీజీలో ఆడిన ప్రతి రాత్రి లెక్క ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకురా, గెలిచినవే కాదు, ఓడినవి కూడా. నా పాత స్నేహితులు ముగ్గురు వస్తారు, పది రూపాయల చిప్స్‌తో ఆడదాం. నువ్వు ఎప్పుడు ఫోల్డ్ చేస్తావో నేను పక్కన కూర్చుని చూస్తాను. అత్తయ్య గోంగూర పచ్చడి దంచి ఉంచింది, డబ్బా తెచ్చుకో.

మీ మావయ్య