గొలుసు కొనవద్దు

నరసాపురం దగ్గరి ఒక పల్లె నుంచి యాభై ఏళ్ల గృహిణి రాసిన ఉత్తరం ఇది: "నాలుగేళ్ల కిందట అన్నదమ్ములు వాటాలు పంచుకున్నాక పెరట్లో నడుమెత్తు గోడ కట్టారు. అప్పటి నుంచి అవతలి వాటాలో ఉంటున్న మా తోడికోడలితో మాటల్లేవు. ఆ తరువాత నాకు నిద్ర సరిగా పట్టడం మానేసింది. గోదావరి వరదలప్పుడు గట్టు మీద దొరికిన కుక్కపిల్లను తెచ్చి, రాజు అని పేరు పెట్టి పెంచుకున్నాను. తెల్లవారుజామున రాజుతో కాలువ గట్టున నడుస్తుంటే మనసు కుదుటపడుతోంది, మానేసిన లేసు అల్లిక మళ్లీ పట్టుకున్నాను. అమ్మాయి మైండ్‌ఫుల్‌నెస్ తరగతుల్లో చేరమంటోంది. కుక్కతో గడపడం ధ్యానమవుతుందా? ఇంకో మాట, రాజు మధ్యాహ్నమయ్యేసరికి గోడ దూకి అవతలికి పోతున్నాడు. మొన్న వాడి చెవి మీది గాయానికి పసుపు రాసి ఉంది, అది నేను రాసింది కాదు. గొలుసు కొని కట్టేయమంటారా?"

అమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. అవుతుంది. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో నేర్పేదీ, ఊపిరినీ అడుగునూ ఉన్నవి ఉన్నట్టు గమనించడమే. మన భాషలో దానికి ఎరుక అనే చక్కని మాట ఉంది. రాజు గట్టు మీద ఒకే గడ్డి దుబ్బు దగ్గర ఆగి వాసన చూస్తున్నప్పుడు తాడు లాగకండి. వాడు ఆ పని ముగించేదాకా మీరూ అక్కడే నిలబడి, కాలువలోని గుర్రపుడెక్క వాసననూ, కాళ్ల కింది తడి మట్టినీ పట్టించుకోండి. కుక్క, దాన్ని పెంచేవారు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. తల్లికీ బిడ్డకూ మధ్య అనుబంధాన్ని పెంచే హార్మోను అదే.

లేసు మళ్లీ పట్టుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక గొలుసుకుట్టు లెక్క తప్పితే వరస మొత్తం విప్పుకోవలసిన పని అది, కనుక మనసును ఇటూ అటూ పోనివ్వదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఇచ్చిన దారంతో అల్లి ముక్కకు ఇంత అని కూలి తీసుకున్న ఆడవాళ్ల చేతులకు మాత్రం గుర్తింపు ఎప్పుడూ తక్కువే. అందుకే ఈ ఒక్క ముక్కను ఎవరికీ అమ్మకుండా, కూలి లెక్క వేయకుండా, మీ కోసమే అల్లుకోమంటాను. ఇంత చేసినా నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపించుకోండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత టెలీ మానస్ సేవ.

ఇక గొలుసు సంగతి. కొనవద్దు. ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమే తప్పుగా చెబుతోంది. అయినా మిమ్మల్ని బాధపెడుతున్నది కుక్క గోడ దూకడం కాదనుకుంటాను. మీరు పెంచుకున్న ప్రాణి, మీరు నాలుగేళ్లుగా తొక్కని గడప తొక్కి వస్తున్నాడన్నదే మీ బాధ.

మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. భర్త గురించి ఒక్క ఫిర్యాదు లేదు, అత్తగారి మీద కోపం లేదు, తోడికోడలు మిమ్మల్ని అన్న మాట కూడా ఒక్కటీ లేదు. వాటాలు అన్నదమ్ములు పంచుకున్నారు, గోడ వాళ్లే కట్టించారు, మాటలు మానేసింది మాత్రం మీరిద్దరు. నేనూ ఉమ్మడి ఇంటి కోడలినే. ఒకే పొయ్యి దగ్గర పనసపొట్టు కూర వండి, ధనుర్మాసంలో ఒకే వాకిట్లో చెరో పక్క నుంచి మెలిక ముగ్గు కలుపుకుంటూ వచ్చిన ఇద్దరు ఆడవాళ్ల మధ్య పెరిగే చనువు ఎలాంటిదో నాకు తెలుసు. అది రక్తసంబంధం కాదు కనుక, తెగినప్పుడు ఏడవడానికి హక్కు కూడా ఉండదని మనం అనుకుంటాం. మీ నిద్ర అక్కడే పోయిందని నా నమ్మకం.

గాయానికి పసుపు రాయాలంటే నొప్పికి గింజుకునే కుక్కను ఒడిలో అదిమి పట్టుకోవాలి, కరిచినా ఓర్చుకోవాలి. మీ తోడికోడలు అంత పనీ చేసి, ఆ కుక్కను మళ్లీ మీ గుమ్మానికే పంపింది. మీరు దాన్ని అతి చొరవ అనుకున్నారు, నాకు మాత్రం అది ఆమె రాసిన ఉత్తరంలా కనిపించింది. వాటాలో మీకు అన్యాయం జరిగి ఉంటే ఆ మాట మీ భర్తతోనూ బావగారితోనూ తేల్చుకోండి, అందులో వెనక్కి తగ్గమని నేను ఎప్పటికీ చెప్పను. కానీ ఆ లెక్కను ఆమె ముఖం చూడనని పంతం పట్టి వసూలు చేయబోవడం ఆత్మగౌరవం కాదు. ముందుగా "అక్కా" అని పిలిచినంత మాత్రాన మీ వాటాలో ఒక్క కొబ్బరిచెట్టు కూడా తగ్గదు.

పసుపు రాసినా గాయాన్ని పశువుల డాక్టరుకు చూపించాలి. రాజుకు రేబిస్ టీకా వేయించినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు కనుక, ఆ పని కూడా అప్పుడే కానివ్వండి. ఈ వారంలోనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సూది వేసేటప్పుడు వాడిని పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. గోడ దగ్గరికి వెళ్లి ఆమెను పిలవండి.