కరెంటు తీసే గాలి ఫ్యాన్లు (గాలిమరలు) వాన మబ్బుల్ని తరిమేస్తాయా? వాటికి చేను లీజుకు ఇవ్వొచ్చా?

వాన సంగతి ముందు చెప్తాను. మాది ఉరవకొండ వైపు. ఫ్యాన్లు లేచిన కొత్తలో మా రచ్చకట్ట మీదా ఇదే మాట, రెక్కలు తిరిగి మబ్బుల్ని చెదరగొడుతున్నాయని. అదేం లేదు. నైరుతి మేఘం చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసేస్తుంది, అనంతపురానికి మిగిలేది ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 1876-78 కరువులో సీమ అల్లాడినప్పుడు ఏ ఫ్యాన్ ఉందని? ఆషాఢంలో మనిషిని తోసేసే ఆ గాలిని చూసే 1990ల్లో రామగిరి కొండల మీదికి ఇవి వచ్చాయి.

అసలు టెన్షన్ పడాల్సింది దారి గురించి. ఫ్యాన్ కాలు కింద పోయే నేల తక్కువే. కానీ అంత పొడవు రెక్క, క్రేన్ రావాలంటే వెడల్పాటి రోడ్డు కావాలి, మలుపుల దగ్గర ఇంకా ఎక్కువ. మా చిన్నాయన చేను మీదుగా అట్లాంటి రోడ్డే వేశారు. మట్టి, కంకర పోసి ఎత్తు చేసేసరికి అది కట్ట మాదిరి అడ్డం పడింది. పెద్ద వాన వచ్చినప్పుడు నీళ్లు పైచేలోనే నిలబడి చెనిక్కాయ కుళ్లింది. ఎన్నిసార్లు అడిగినా కంపెనీవాళ్లు సైట్ ఇంజనీర్ వస్తాడన్నారే గానీ పని కాలేదు. చివరికి ఊరోళ్లంతా వెళ్లి లారీలు ఆపితేనే తూములు వేశారు. రోడ్డు ఎక్కడ, ఎంత ఎత్తు, తూములు ఎన్ని అనేది ముందే కాగితం మీద రాయించుకోండి. కరెంటు స్తంభాలు, లైను వెళ్లే దారికి పరిహారం వేరే అడగండి, లీజులో కలిపేయనివ్వొద్దు.

డి.పట్టా భూమి, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే ఇంకా జాగ్రత్త. 1977 చట్టం అసైన్డ్ భూమిని చేతులు మార్చనివ్వలేదు, తర్వాత సవరణలు వచ్చాయి. మీ పట్టా ఏ కోవలోకి వస్తుందో లాయరుకు చూపించాకే బ్రోకరుతో మాట్లాడండి.

చప్పుడంటారా, చేలో ఉన్నంతసేపు పట్టదు. ఇంటి దగ్గరైతే మాత్రం రాత్రిళ్లు ఆ ఉస్ ఉస్ అలవాటు కావడం కష్టం.

ఇంకొకటి. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాన్ల కంపెనీలతో ఉన్న పాత కరెంటు కొనుగోలు ఒప్పందాలను మళ్లీ బేరమాడతానంది. యూనిట్ 4.84 రూపాయల దాకా ఉన్నదాన్ని 2.43కి దించమంది. 2017 వేలాల్లో రేట్లు పడిపోయిన మాట నిజమే, జనం బిల్లు తగ్గాలనుకోవడమూ న్యాయమే, కానీ సంతకాలయ్యాక రేటు మారిస్తే రేపు ఎవరు నమ్మి వస్తారు? ఒప్పందం ప్రకారమే కట్టాలని హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. అందాకా కంపెనీలకు చేతికొచ్చింది ఆ తగ్గించిన రేటే. అందుకే డిస్కం (కంపెనీ దగ్గర కరెంటు కొనే పంపిణీ సంస్థ) బిల్లు కట్టినా కట్టకపోయినా మీ లీజు డబ్బు ఫలానా తేదీకి పడాలని రాయించండి. గడువు తీరాక ఫ్యాన్‌ను ఎవరు దించాలి, నేలలోని ఆ వందల ఘనపు మీటర్ల కాంక్రీటును ఎవరి ఖర్చుతో తవ్వాలి అనేవి కూడా. మా ఊళ్లో చాలా అగ్రిమెంట్లలో ఈ రెండోది అసలు లేనే లేదు.