పిక్చర్ ట్యూబ్‌ క్షేమంగా ఇల్లు చేరాలంటే

అల్లుడూ,

పాత ఆర్కేడ్ మెషిన్, అదే పార్లర్లలో ఉండే వీడియో గేమ్ పెట్టె, మళ్లీ నిలబెడుతున్నావని, దానికి ఎల్‌సీడీ వద్దు, పిక్చర్ ట్యూబ్ ఉన్న అసలైన మానిటరే కావాలంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ ఆటల బొమ్మలు గీసినవాళ్లు ట్యూబ్ మీద అవెలా కనిపిస్తాయో చూసుకునే గీశారు. అంచుల్లో ఆ మెత్తదనం, గీతకీ గీతకీ మధ్య ఆ సన్నటి చీకటి ట్యూబ్ మీదే వస్తాయి.

ఒక్క మాట ముందే చెప్తాను. ట్యూబ్ చూసి కొను, వెనక బోర్డు చూసి కాదు. బోర్డులో వచ్చే రోగాలు చాలావరకు మామూలువే: కెపాసిటర్లు ఎండిపోవడం, సోల్డర్ వదిలేయడం. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే వాటికి కావాల్సిన సామాను దొరుకుతుంది. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు బాగుచేసిన మెకానిక్‌లు మన హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు, వాళ్ల చేతిలో పెడితే భయం లేదు. ట్యూబ్ పోతే మాత్రం కొత్తది తేలేవు.

ముందు నీ ఆట బోర్డుకి ఏ మానిటర్ సరిపోతుందో తేల్చుకో. ఎనభైల నాటి ఆటల్లో ఎక్కువవి 15 కిలోహెర్ట్జ్‌వి, అంటే సెకనుకి దాదాపు 15 వేల అడ్డగీతలు గీసేవి, మన పాత టీవీ 15,625 హెర్ట్జ్‌కి దగ్గరగానే ఉంటాయి. తర్వాత 24, 31 కిలోహెర్ట్జ్‌వి కూడా వచ్చాయి. దేనికి తగ్గది దానికే పెట్టాలి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కి స్క్రీన్ నిలువుగా ఉండాలి. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌కి అయితే వెక్టర్ మానిటర్ కావాలి, అది బొమ్మ గీతలను నేరుగా గీస్తుంది, దాని పద్ధతే వేరు, టీవీ లాంటిది పెడితే పనిచేయదు.

వెతకడానికి ఎర్రగడ్డ ఆదివారం సంతకి పొద్దున్నే వెళ్లు. అంతకన్నా మేలు, మూతపడ్డ వీడియో గేమ్ పార్లర్ల ఓనర్లను వాకబు చేయడం. గోడౌన్‌లో మూలపడి ఉన్నవి చాలామందికి గుర్తే ఉండవు. దొరికితే ముందు ఆఫ్‌లో ఉండగానే స్క్రీన్‌ని వెలుగుకి వాలుగా చూడు. ఒకే ఆట ఏళ్ల తరబడి ఆడించిన ట్యూబ్ మీద దాని ముద్ర కాలిపోయి కనిపిస్తుంది. ప్యాక్‌మ్యాన్ గళ్లు అలాగే ఉండిపోయినవి బోలెడు. తర్వాత నెక్, అంటే ట్యూబ్ వెనక సన్నటి గొట్టం, చూడు. నెక్ మీదో, దాని పక్కనో గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చ కనిపిస్తే అది మంచి గుర్తు. అదే మచ్చ పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరినట్టే, ఇంక బేరం ఆడకు. బాగుంటే ఆన్ చేయించి అరగంట అక్కడే కూర్చో. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమంగా రావాలి.

ఇక పంపించడం. ఈ పనిలో ప్రాణం ఇక్కడే ఉంది. ముందు అద్దం మందంగా ఉంటుంది, బరువంతా అక్కడే. నెక్ మాత్రం చాలావాటికి 29 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం. దాని మీద దెబ్బ తగిలితే అంతే సంగతులు. అందుకే స్క్రీన్ కిందికి, నెక్ పైకి పెట్టాలి. బోర్డు తీసి వేరే డబ్బాలో పెట్టించు. నెక్ చివర చిన్న బోర్డు కూడా మెలి తిప్పకుండా నిటారుగా లాగి తీయాలి. ట్యూబ్ నాలుగు మూలల్లో చెవులుంటాయి, వాటిని చెక్క ఫ్రేముకి బోల్టులతో బిగిస్తే బరువు గాజు మీద పడదు. నెక్ చుట్టూ ఏదీ తగలని ఖాళీ వదలాలి. అక్కడ థర్మాకోల్ కుక్కితే దారి పొడవునా అది నెక్‌నే నొక్కుతుంది. చెక్క పెట్టె లోపల అన్ని వైపులా గట్టి ఫోమ్ వేయించు. పైన ‘గాజు, ఈ వైపు పైకి’ అని హిందీలోనూ రాయించు, హమాలీలకు అర్థమవుతుంది.

ఇవన్నీ చేసే ముందు ట్యూబ్‌ని డిశ్చార్జ్ చేయాలి. ఆఫ్ చేశాక కూడా అందులో వేల వోల్టుల చార్జ్ నిలిచి ఉండొచ్చు. ఈ ఒక్క పనీ నువ్వు చేయకు, చేయి తిరిగిన మెకానిక్‌తోనే చేయించు.

ముంబై నుంచో, బెంగళూరు నుంచో వస్తే అఫ్జల్‌గంజ్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గోడౌన్ డెలివరీ తీసుకో, డోర్ డెలివరీ వద్దు. చేతులు మారినకొద్దీ ప్రమాదం. ఆటోట్రాలీలో నువ్వే పక్కన కూర్చుని తెచ్చుకో. ముందు ఆఫీసులోనే మూత తీసి నెక్ చూశాకే సంతకం పెట్టు. విరిగి ఉంటే ఎల్‌ఆర్ (లారీ సరుకు రసీదు) మీద అప్పుడే రాయించు.

విదేశాల నుంచి తెప్పించాలంటే వాడిన ఎలక్ట్రానిక్ సామానుకి అనుమతులు కావాలి. డబ్బు పంపక ముందే కస్టమ్స్ ఏజెంట్‌ని అడుగు. అమెరికా మానిటర్ 120 వోల్టులది, చాలావాటికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మానిటర్‌ని కరెంటు లైన్‌తో నేరుగా కలవకుండా వేరుచేసేది, తప్పనిసరి. నేరుగా మన 230కి పెట్టొద్దు.

ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చే ముందు నెక్ దగ్గర ఒక ఫోటో, వెనక స్టిక్కర్ ఒక ఫోటో, ఆన్ చేసినప్పటి వీడియో నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, చూసి చెప్తాను.

మీ మామయ్య