తామర: క్రీమ్ రాస్తే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది. ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?

మీరు రాసింది చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. తొడల సందుల్లో, నడుము చుట్టూ గుండ్రని మచ్చలు, రాత్రయితే దురద. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో మాయం, మానేసిన వారానికి ఇంకాస్త పెద్దగా ప్రత్యక్షం. మొదట్లోనే సరైన మందు పడితే తామర ఇంట్లోనే తగ్గుతుంది. కానీ ముందు మీ ట్యూబు మీద సన్నక్షరాల్లో ఏముందో చదవండి.

మాది నకిరేకల్ దగ్గర. పురుగుమందుల షాపులో పని చేస్తాను, పొద్దంతా బండి మీద ఊళ్లు తిరగడమే. మే నెల ఎండలో, రెగ్జిన్ సీటు మీద, జీన్స్ ప్యాంటులో చెమట ఎక్కడ నిలుస్తుందో చెప్పక్కర్లేదు. "లేబుల్ చదవండి, మూడు మందులు కలిపి కొట్టకండి" అని రైతులకు రోజూ చెప్పే నేనే ఎనిమిది నెలలు మూడు మందులు కలిపిన క్రీమ్ పూసుకున్నాను. అందులో ఫంగస్ మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఒకటి.

గోలంతా ఆ స్టెరాయిడ్‌తోనే. అది దురదనూ ఎరుపునూ అణచేస్తుంది, మనకేమో తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ చోట ఒంటికి ఉండే రోగాన్ని ఎదిరించే శక్తి కూడా అణగిపోతుంది కాబట్టి లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. కొన్నాళ్లకు మచ్చ రూపం మారిపోయి డాక్టర్లే గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. చర్మం పలచబడుతుంది. నా తొడల సందుల్లో గర్భిణులకు పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడ్డాయి, అవి ఇప్పటికీ పోలేదు. 2018లో కేంద్రం ఇలాంటి పూత స్టెరాయిడ్లను 14 రకాల దాకా షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే చేతిలో పెట్టేస్తారు. మీ ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు కనిపిస్తే అది తామరకు పూసేది కాదు.

తామర అంటే పురుగేమో అని మా నాయన అనుకునేవాడు. మిరపకు వచ్చే తామర పురుగు వేరు, ఇది చర్మం పైపొరను తిని బతికే ఫంగస్. అంచు ఎర్రగా, పొట్టుపొట్టుగా లేచి, నడుమ కాస్త మానినట్టు కనిపిస్తుంది. గజ్జి ఇది కాదు, అది కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, ఎక్కువగా వేళ్ల సందుల్లో మొదలవుతుంది. ఇంకో మాట, మచ్చ మీద దురద లేకుండా స్పర్శ తెలియకపోతే మాత్రం క్రీములు కొనకండి, కుష్ఠు కాదని వెంటనే చూపించుకోండి.

కొత్తగా వచ్చి, ఒకటి రెండు మచ్చలే ఉంటే క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీమ్ చాలు. కడిగి, పూర్తిగా తుడుచుకుని రోజుకు రెండుసార్లు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలి, ఎందుకంటే ఫంగస్ కనపడేదానికంటే ముందుకు పాకి ఉంటుంది. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. నేను చేసిన రెండో తప్పు ఇదే.

నిమ్మకాయ మాత్రం రుద్దకండి. మా నకిరేకల్‌లో నిమ్మకాయకు కొదవ లేదు కాబట్టి నేను రుద్దాను, కాలిన గాయమైంది. వెల్లుల్లి ముద్ద కూడా అంతే.

చివరికి చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె చెప్పిన మాటల్లో మా ఇంట్లో గొడవ పెట్టింది మొలతాడు. అది ఎప్పుడూ చెమటతో తడిగా ఉంటుంది, నడుము చుట్టూ మచ్చలు దాని దారినే వచ్చాయి, తీసేయమంది. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఒక తువాలతో ముగ్గురం తుడుచుకునేవాళ్లం, అదీ బందు. మా ఇంటామెకు, చిన్నోడికి కూడా ఉందని అప్పుడే బయటపడింది. అందరం ఒకేసారి మందు వాడాం, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. లోదుస్తులు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసేవాళ్లం. జీన్స్ మానేసి వదులు కాటన్ ప్యాంటుకు మారాను.

నా మచ్చ అంచును గీకి మైక్రోస్కోపు కింద చూశాకే డాక్టరమ్మ ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు క్యాప్సూల్స్ రాసింది. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర కలిపితే ఒంటికి సరిగా పట్టదట. లివర్, గుండె జబ్బులున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. పురుగుమందులకు పురుగు మొండికేసినట్టే మన దేశంలో ఒక రకం తామర ఫంగస్ టెర్బినఫిన్ అనే మందుకు తరచుగా లొంగడం లేదు. కాబట్టి మాత్రలు సొంతంగా కొనకండి.

షుగర్ ఉన్నా, గర్భిణి అయినా, మచ్చలు ముఖానికో తలకో గోళ్లకో వచ్చినా, చీము పట్టినా ఇంటి వైద్యం వద్దు. క్లోట్రిమజోల్ రెండు వారాలు రాసినా అంచు తగ్గకపోతే ఇంకో ట్యూబు కొనకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ క్రీమ్ నెలల తరబడి రాసి ఉంటే ఆగకుండా ఇప్పుడే వెళ్లండి, మానేసిన కొద్దిరోజులు దురద రెచ్చిపోతుంది, దానికీ మందిస్తారు. ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి. నేను నాలుగు పట్టుకెళ్తే మా డాక్టరమ్మ పేర్లు చదివి మూడింటిని చెత్తబుట్టలో వేసింది.