టెక్ సందేహాలు: పాస్ కొన్నాను, నా ఫైటర్ ఏడీ?

ప్రశ్న: కిందటేడు ఒక ఫైటింగ్ గేమ్ విడుదలైన వారంలోనే సీజన్ పాస్ (తర్వాత రాబోయే ఫైటర్లకు ముందే కట్టే డబ్బు) కూడా కొనేశాను. నలుగురు కొత్త ఫైటర్లు వచ్చారు కానీ నేను ఎవరి కోసం కొన్నానో అతను మాత్రం రాలేదు. డబ్బు వెనక్కి వస్తుందా? మా తమ్ముడు పాస్ కొనలేదు. అయినా వాడి పీసీలోకి కూడా కొత్త ఫైటర్ల ఫైళ్లు దిగుతున్నాయి. వాటిని ఉచితంగా తెరిచే అన్‌లాకర్ ఒకటి యూట్యూబ్‌లో కనిపించింది. వాడొచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

రెండోదానికి ముందు జవాబు: వాడొద్దు. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి ఉంటే ఈ పేజీ మిగతాది తర్వాత చదవండి, ముందు ఆ పీసీ ఇంటర్నెట్ తీసేయండి.

డబ్బు సంగతికి వస్తే, పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో అదనపు కంటెంట్ కొన్న 14 రోజుల్లోపు, అది కొన్నాక అసలు గేమ్‌ను రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే మామూలుగా రీఫండ్ ఇస్తారు. మీరు ఏడాది ఆడేశారు. ఆశ వదులుకోండి.

ఈ ఉత్తరం నాకు కొత్త ట్రైలర్ వచ్చిన ప్రతిసారీ వస్తుంది, గేమ్ పేరే మారుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవరూ ప్రకటించని ఫైటర్‌కు మనమే పేరు పెట్టుకుని, అతని కోసం ముందే డబ్బు కట్టేస్తాం. వేరే వేరే గేముల హీరోలు వచ్చి కొట్టుకునే సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ సంగతే చూడండి. 2018లో అయిదుగురు ఫైటర్ల పాస్‌ను 24.99 డాలర్లకు ప్రకటించినప్పుడు ఆ అయిదుగురిలో ఒక్కరి పేరూ చెప్పలేదు. అయిదోవాడు డెవిల్ మే క్రై గేమ్ హీరో డాంటే అని ఎందరో లెక్కలు వేసుకున్నారు. 2020 జనవరి 16న తెర తీస్తే బైలెత్! అప్పటికే బైలెత్‌ది అయిన ఫైర్ ఎంబ్లెమ్ గేమ్ సిరీస్ నుంచి ఏడుగురు అందులో ఉన్నారు, ఇది ఎనిమిదో శాల్తీ. డాంటే 2021లో వచ్చాడు, అదీ ఫైటర్‌గా కాదు, మన బొమ్మకు తొడిగే డ్రెస్సుగా. పెళ్లికొడుకు వస్తాడంటే షేర్వానీ పార్సిల్ పంపినట్టు.

అందరి కోరికా తీరిన రోజూ ఉందనుకోండి. 2015లో అభిమానుల ఓటింగ్‌లో ముందు నిలిచిన సోరా (కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్ హీరో) 2021 అక్టోబర్‌లో ప్రత్యక్షమయ్యాడు. ఆరేళ్లు! ఆ ఒక్క సోరాను చూపించి, ఇప్పటికీ ప్రతి పాస్‌కూ 'ఈసారి మావాడే' అనేవాళ్లు ఉన్నారు. అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. పేర్లు చెప్పకుండా పాస్ అమ్మడం నా దృష్టిలో లాటరీ టికెట్‌కు కాస్త మర్యాదస్తుడైన బంధువు.

కొనకపోయినా ఫైళ్లు దిగడం మోసమేం కాదు. ఆన్‌లైన్‌లో అవతలివాడు కొత్త ఫైటర్‌తో వస్తే ఆ బొమ్మ, కదలికలు, గొంతు అన్నీ మీ తెర మీద కూడా ఆడాలి కదా. అందుకే అందరికీ పంపుతారు. మీరు కొనేది మీ అకౌంట్‌లో పడే ఒక్క టిక్కు. 2012లో స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ డిస్క్‌లోనే 12 మంది ఫైటర్లను తాళం వేసి పెట్టి, తర్వాత మళ్లీ డబ్బు అడిగితే జనం భగ్గుమన్నారు. ఆ కోపం న్యాయమైనదే, డిస్క్‌కు ధర కట్టింది వాళ్లే కాబట్టి. ఇప్పటివి చాలావరకు తర్వాత తయారైనవి. నా కోపమల్లా సైజు మీద. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టుకుని ఆడే కుర్రాడు ఉంటాడని ఈ అప్‌డేట్లు చేసేవాళ్లకు ఎప్పుడైనా తట్టిందా?

ఇక అన్‌లాకర్. 'ఫైల్ నా దగ్గరే ఉంది, తాళమే కదా' అనే మీ లాజిక్కే దొంగకు పెట్టుబడి. వీడియో కింద లింకు ఉంటుంది. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లోకి యాంటీవైరస్ తొంగిచూడలేదు. 'రన్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి' అని రాసి ఉంటుంది. ఇంటికొచ్చినవాడు ముందు కుక్కను కట్టేయమంటే మీకు అనుమానం రాదా?

మా మేనల్లుడికి రాలేదు. రెండుసార్లు నొక్కాడు, ఏదో ఎర్రర్ వచ్చింది, 'పని చెయ్యట్లేదు మామయ్యా' అని మూసేసి పడుకున్నాడు. తెల్లారేసరికి వాడి చాట్ అకౌంట్ నుంచి క్లాసువాళ్లందరికీ గిఫ్ట్ కార్డు లింకులు వెళ్లాయి. వాడు పాస్‌వర్డ్ ఎక్కడా కొట్టలేదు, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రోగ్రామ్ బ్రౌజర్‌లోని కుకీలను ఎత్తుకుపోయింది. 'ఇతను ఇప్పటికే లాగిన్ అయ్యాడు' అని సైటుకు చెప్పే చీటీ కుకీ. ఆ చీటీ చేతిలో ఉంటే దొంగను ఓటీపీ అడిగేవాడే లేడు. అదే బ్రౌజర్‌లో మా బావగారి మెయిల్ కూడా తెరిచే ఉంది. ఆ మెయిల్‌కే బ్యాంకు స్టేట్‌మెంట్లు వస్తాయి.

ఇలా జరిగితే పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు. వేరే ఫోన్ నుంచి, ఆ పీసీ నుంచి మాత్రం కాదు, ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కండి. తర్వాత గేమ్ అకౌంట్, చాట్, బ్యాంకు. పీసీలో విండోస్ మళ్లీ వేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కొత్త ఫైటర్ చాలా పవర్‌ఫుల్ అని కొన్నాను. నెల తిరక్కుండా ప్యాచ్‌లో (గేమ్‌ను సరిచేసే అప్‌డేట్‌లో) బలం తగ్గించారు. ఇది అన్యాయం కాదా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

మీకు అన్యాయం, మీ చేతిలో ఓడినవాళ్లకు న్యాయం. టెక్కెన్ 7లో 2019 డిసెంబర్‌లో లీరాయ్ స్మిత్ వచ్చాడు. మరుసటి నెల ఈవో జపాన్ అనే ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిది మందిలో ఆరుగురు అతన్నే ఆడారు. తర్వాత ప్యాచ్‌లతో కత్తిరించారు, కత్తిరించాల్సిందే. బలం చూసి కాదు, చేతికి పడతాడో లేదో చూసి కొనండి. స్ట్రీట్ ఫైటర్ 6లో అద్దె టికెట్లతో కొనకుండానే కాసేపు ఆడి చూడొచ్చు. మీ గేమ్‌లోనూ అలాంటిది ఉందేమో మెనూలో వెతకండి. లేకపోతే ట్రైలర్ చూసిన రోజు కాకుండా, మొదటి ప్యాచ్ వచ్చిన మర్నాడు కొనండి.