బాబు స్పీచ్‌కి శంతను నారాయణ్ గారిని తీసుకోండి

అక్కా, మీ బాబుకి స్కూల్లో రోజువారీ జీవితాన్ని మార్చిన టెక్ లీడర్ మీద మూడు నిమిషాల స్పీచ్ ఇచ్చారు, క్లాసులో అందరూ సత్య నాదెళ్ల, సుందర్ పిచాయ్‌నే తీసుకున్నారు, ఇంకెవరున్నారు అని అడిగారు కదా. ఫొటోలు దిద్దే ఫొటోషాప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే అడోబీ కంపెనీ శంతను నారాయణ్ గారిని తీసుకోమనండి. మన హైదరాబాదాయనే, నాదెళ్ల చదివిన హైదరాబాద్ పబ్లిక్ స్కూలే, తర్వాత ఉస్మానియాలో ఇంజనీరింగ్, 1998లో అడోబీలో చేరి 2007లో సీఈవో అయ్యారు, 2019లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పేసి అసలు టైమంతా ఫొటోషాప్ మీద పెట్టమనండి.

ఇదివరకు ఫొటోషాప్ ఒకసారి కొనుక్కుంటే చాలు, 2013లో ఈయన హయాంలోనే కంపెనీ ఇక కొత్త వెర్షన్లు అలా అమ్మం, చందా కట్టి వాడుకోవాల్సిందే అంది. పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేసేవాళ్లకి ఇది చాలా పెద్ద మార్పు, అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వస్తాయి నిజమే కానీ డబ్బు కట్టడం ఆపితే పని ఆగిపోతుంది, చిన్న స్టూడియోకి అది భారమే అని నేను గట్టిగా అంటాను. బాబుని మాత్రం రెండు వైపులా చెప్పమనండి.

ఒక్క జాగ్రత్త, పీడీఎఫ్ ఈయన కనిపెట్టారని రాయొద్దు, అది 1993లో అడోబీ వ్యవస్థాపకుడు జాన్ వార్నాక్ ఆలోచనతో వచ్చింది. 2008లో, నారాయణ్ గారు సీఈవోగా ఉన్నప్పుడు, అది ఓపెన్ స్టాండర్డ్ అయింది, అంటే ఏ కంపెనీ అయినా ఆ పద్ధతిని తన సాఫ్ట్‌వేర్‌లో వాడుకోవచ్చు, హాల్ టికెట్లు, ఈ-ఆధార్ ఇవాళ మనకొచ్చేది అందులోనే కాబట్టి ఇదీ చెప్పొచ్చు. వీలైతే మీ వీధిలో ఫొటో స్టూడియో అతన్ని చందా గురించి ఒక మాట అడిగి రమ్మనండి, అది వేరే ఎవరి స్పీచ్‌లోనూ ఉండదు.