బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ట్రెజర్ హంట్ నడక: ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనీ ఏడేళ్ల పాపనీ ఏదైనా పాత సంత ఊళ్లో ట్రెజర్ హంట్‌కి తీసుకెళ్లాలనుంది, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి విసుగేస్తుందేమో అని అడిగారు. మేం కేంబ్రిడ్జ్‌లో ఉంటాం. పోయిన వేసవిలో మా అత్తయ్యగారు, మామయ్యగారు, ఇద్దరు పిల్లలతో ఇంగ్లండ్‌లోనే బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే పాత సంత ఊళ్లో సరిగ్గా ఇదే చేశాం. తప్పకుండా వెళ్లండి.

దీనికి గైడు ఉండరు. నెట్‌లో చిన్న పుస్తకం కొని ప్రింటు తీసుకోవడమే. గోడమీద చెక్కిన సంవత్సరం, ఫలకం మీద ఫలానా పేరు, ఇలాంటివి వెతికి రాసుకుంటూ పోతే నిధి ఎక్కడుందో చివర్లో తేలుతుంది. రెండు గంటల నడక అని రాశారు, మాకు నాలుగు పట్టింది.

మొదటి అరగంట తప్పు నాదే. నేను ఇంగ్లీషులో చదవడం, మా పెద్దది జవాబు చెప్పెయ్యడం, అత్తయ్యగారు బ్యాగు పట్టుకుని వెనకాల రావడం. ఆవిడ మొహం చూసి పద్ధతి మార్చాను. ప్రతి క్లూనీ తెలుగులో పొడుపుకథలా చెప్పడం నా పని, వెతకడం వాళ్ల పని. మామయ్యగారు ముప్పై ఏళ్లు ఉత్తరాలు బట్వాడా చేసిన మనిషి. తలుపుల మీది నంబర్లు, గోడల మీది అంకెలు మా అందరికంటే ముందు ఆయన కంటికే ఆనాయి. అంకెలకి భాషతో పనేముంది!

నట్‌షెల్ అనే పబ్బు దగ్గర అత్తయ్యగారి వంతు వచ్చింది. పదిహేను అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అంతే ఆ పబ్బు. లోపల పైకప్పుకి ఎండిపోయిన పిల్లి ఒకటి వేలాడుతుంటుంది. పూర్వం ఇక్కడ ఇళ్లు కట్టేటప్పుడు దుష్టశక్తులు రాకుండా గోడల్లో పిల్లుల్ని పెట్టేవారట. అది చెప్పగానే "దిష్టికన్నమాట, మనం గుమ్మడికాయ కట్టమూ?" అన్నారావిడ. అక్కణ్ణుంచి ఆ ఊరు ఆవిడకి కొత్త ఊరు కాదు.

అబ్బే గార్డెన్స్‌కి మాత్రం తీరిగ్గా గంట కేటాయించండి. ప్రవేశం ఉచితం. 1539లో మూతపడిన పెద్ద మఠం శిథిలాలు అవి. పడమటి గోడలోకే ఇళ్లు కట్టుకుని జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు. 1214లో బారన్లు, అంటే పెద్ద పెద్ద జమీందార్లు, రాజు జాన్‌కి ఎదురు నిలుస్తామని ఒట్టు పెట్టుకున్నది ఇక్కడేనని చెప్పే ఫలకం ఉంది. ఆ మరుసటి ఏడే మాగ్నా కార్టా, రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందం. మీ పాపకి ఇదంతా ఎక్కకపోయినా తోడేలు కథ చెప్పండి. 869లో సముద్రం దాటి దండెత్తి వచ్చిన డేన్లు ఈ ప్రాంతాన్నేలే ఎడ్మండ్ రాజుని చంపి, తల నరికి అడవిలో పారేశారట. వెతుకుతూ వెళ్లినవాళ్లకి "ఇక్కడ, ఇక్కడ" అని గొంతు వినపడిందట. వెళ్లి చూస్తే రాజు తలకి తోడేలు కాపలా కాస్తోంది. ఈ కథ విన్నాక మావాడు చెట్టు చాటున నక్కి "ఇక్కడ, ఇక్కడ" అని ఒకటే కేక. తాతగారు వెతుక్కుంటూ వెళ్లారు. క్లూలు కాసేపు పక్కన పెట్టేశాం.

ఒక చోట చిక్కుపడ్డాం. పుస్తకంలో చెప్పిన బోర్డు అక్కడ లేదు, దుకాణం మారిపోయింది. పావుగంట తిరిగాక పక్కన పూలమ్ముతున్నావిడని అడిగితే పాత బోర్డు మీద ఏముండేదో చెప్పింది. అందుకే బుధవారమో శనివారమో వెళ్లమంటాను. ఆ రెండు రోజులే సంత, అడగడానికి ఊరివాళ్లు దొరుకుతారు. కాకపోతే సంత జరిగే బటర్‌మార్కెట్ వీధి వైపు రద్దీగా ఉంటుంది, కొన్ని గోడలకి దుకాణాలు అడ్డం వస్తాయి. ఉదయం సంత చుట్టుపక్కల క్లూలు ముగించి, మధ్యాహ్నం తోటలో బెంచీల మీద కూర్చోండి. మేం పులిహోర కట్టుకెళ్లాం.

కేంబ్రిడ్జ్ నుంచి నేరుగా రైలుంది, ముప్పావుగంట లోపే. స్టేషను నుంచి సంత దాకా పది పదిహేను నిమిషాల నడక, కొంచెం ఎత్తెక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ తీసుకోండి. పుస్తకం మాత్రం రెండు కాపీలు ప్రింటు తీయండి, ఒకటి పాపకి, ఒకటి తాతగారికి.